కపోతవర్ణం: అయిదు నైరూప్య చిత్రాల పని డైరీ

ఏప్రిల్: ఉద్దేశం

ఈ వేసవిలో మొదలుపెడుతున్న పని అయిదు నైరూప్య చిత్రాల మాలిక. ఒక్కొక్క కాన్వాసు మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, మాధ్యమం ఆక్రిలిక్, విషయం శోకం. మా అన్నయ్య పోయి ఏడాది కావస్తోంది. హైదరాబాదులో ఒక బడిలో డ్రాయింగ్ చెబుతున్నదాన్ని కనుక ఆయన ఫోటో ఎదుట పెట్టుకుని పోలిక పట్టడం నాకు పెద్ద పని కాదు; బంధువులు అడిగినదీ అదే. అయితే పోలిక కుదిరిన బొమ్మ ఆయన ఎలా ఉండేవాడో చెబుతుంది గానీ, ఆయన లేకపోవడం నా లోపల ఎలా ఉందో చెప్పదు. ఆ రెండోదాన్ని ముఖం, కుర్చీ, కళ్ళజోడు వంటివేవీ లేకుండా రంగుతో, పూతతో, గీకుడుతో మాత్రమే చెప్పడం సాధ్యమా అన్నదే ఈ పనిలోని ప్రశ్న.

పద్ధతి కోసం మొదట నాట్యశాస్త్రంలోని ఆరో అధ్యాయం తీశాను. శోకమనే స్థాయిభావం, అంటే మనసులో నిలిచి ఉండే భావం, విభావ, అనుభావ, వ్యభిచారి భావాలతో కలిసి కరుణరసమవుతుందని భరతుడు చెప్పిన మాట అందరికీ తెలిసినదే. విభావమంటే కారణం: ఆప్తుల మరణం, ఎడబాటు, సంపద పోవడం. అనుభావమంటే ఆ కారణం శరీరం మీద వదిలిన జాడ: కన్నీరు, నోరెండిపోవడం, ముఖం పాలిపోవడం, అవయవాలు సడలిపోవడం, నిట్టూర్పు. వ్యభిచారులంటే మధ్యలో వచ్చి పోయే స్థితులు. ఈ లెక్కలో చూస్తే నైరూప్య చిత్రం విచిత్రమైన స్థానంలో ఉంది. అందులో విభావం కనిపించదు. శవం లేదు, ఖాళీ మంచం లేదు, ఏడ్చే మనిషీ లేదు. కనుక భారమంతా అనుభావం మీదే పడుతుంది. కన్నీటికి, సడలిన అవయవాలకు బదులు ఇక్కడ ఉన్నవి పూత మందం, చేతి ఒత్తిడి, అంచు పదును, కప్పినది ఎంత, కప్పకుండా వదిలినది ఎంత అన్నవి మాత్రమే. నటుడు తాను నిజంగా ఏడవనక్కరలేకుండానే అభ్యాసంతో ప్రేక్షకుడిలో కరుణ పుట్టించగలడని నాట్యం నమ్ముతుంది. చిత్రకారిణి విషయంలోనూ అంతేనా, లేక దుఃఖంలో ఉన్నప్పుడే వేయాలా అన్నది చేతితోనే తేల్చుకోవాలి.

భరతుడు కరుణకు చెప్పిన వ్యభిచారులలోంచి అయిదింటిని కాన్వాసులకు పేర్లుగా తీసుకున్నాను: జడత, గ్లాని, చింత, విషాదం, నిర్వేదం (విరక్తి). ఇవి చూసేవారి కోసం పెట్టిన శీర్షికలు కావు, పని జరిగినంత కాలం నన్ను దారిలో ఉంచే గుర్తులు.

ఏప్రిల్ చివర: రంగు కలపడం

అదే అధ్యాయంలో రసాలకు రంగులు కూడా ఉన్నాయి. శృంగారానికి శ్యామం, హాస్యానికి తెలుపు, రౌద్రానికి ఎరుపు, వీరానికి గౌరం, భయానకానికి నలుపు, బీభత్సానికి నీలం, అద్భుతానికి పసుపు. కరుణకు కపోతవర్ణం, అంటే పావురపు బూడిదరంగు. చిత్రలేఖనంతో మనసును తేలిక చేసుకోవడం నేర్పుతామనే వర్క్‌షాపుల్లో ఇప్పుడు పంచిపెట్టే పట్టికలు నీలం దుఃఖానికి, పసుపు సంతోషానికి అని రాస్తాయి. భరతుడి నీలం జుగుప్సకు చెందినది. ఒకే రంగు రెండుచోట్ల రెండు భావాలకు పేరుబడినప్పుడు, భావం రంగులో పుట్టుకతోనే ఉందని అనుకోవడానికి ఆధారం తక్కువ. నేను బూడిదరంగును ఎంచుకున్నది అది తనంతట తాను దుఃఖమని నమ్మి కాదు. ఒకే రంగుకు కట్టుబడితే తక్కిన నిర్ణయాలు, అంటే పూత, అంచు, వేగం, స్పష్టంగా కనబడతాయన్న ఆశతో.

బూడిదరంగును గురించి మరొకరి మాటను కూడా గుర్తుపెట్టుకోవలసి ఉంది. నైరూప్య చిత్రకళకు సిద్ధాంతం కట్టిన తొలివారిలో ఒకడైన వాసిలీ కాండిన్‌స్కీ, 1911 చివర మ్యూనిక్‌లో వెలువడిన తన పుస్తకంలో, నలుపూ తెలుపూ కలిసిన బూడిదరంగుకు ధ్వనీ చలనమూ లేవనీ, అది ఓదార్పు దొరకని నిశ్చలత అనీ రాశాడు. ఎరుపు, ఆకుపచ్చ కలిసినప్పుడు పుట్టే బూడిదరంగు వేరనీ, అందులో నిశ్చలతతో పాటు లోపల వెచ్చదనం ఉంటుందనీ కూడా అన్నాడు. పట్టికల మీద నాకు నమ్మకం లేకపోయినా ఈ రెండో మాట ప్రయోగం చేసి చూడదగినది, ఎందుకంటే అది కంటితో పరీక్షించవచ్చు.

మూడు మిశ్రమాలు కలిపాను. మొదటిది ఐవరీ బ్లాక్, టైటానియం వైట్: చల్లగా, కాస్త నీలిచాయతో, సిమెంటు గోడ రంగు వచ్చింది. రెండోది అల్ట్రామెరీన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా, తెలుపు: నీలం పాలు పెంచితే వానమబ్బు వైపు, సియెన్నా పెంచితే మట్టి వైపు జరుగుతుంది కనుక ఇది లొంగే రంగు. మూడోది క్రిమ్సన్ ఎరుపు, వెరిడియన్ ఆకుపచ్చ, తెలుపు: సరిగ్గా సమతూకంలో పడితే బూడిదరంగే, కానీ ఒక్క బొట్టు అటూ ఇటూ అయినా ఊదా చాయ గానీ ఆకుపచ్చ చాయ గానీ తొంగిచూస్తుంది. మా మేడ మీదికి వచ్చే పావురాల మెడ చూస్తే ఈ మూడో మిశ్రమమే అసలు కపోతవర్ణానికి దగ్గరదని తోచింది. ఒళ్ళంతా బూడిదరంగే అయినా మెడ దగ్గర ఆకుపచ్చ, ఊదా మెరుస్తాయి, పక్షి తల తిప్పగానే చోటు మారుతాయి. ఆ మెరుపు వర్ణద్రవ్యం వల్ల వచ్చేది కాదు, ఈకల పైపొర మందం వల్ల కాంతి చీలి కలిగేది. కనుక ట్యూబులోంచి దాన్ని తీయలేము. దాని బదులు పలచని పూతలను ఒకదాని మీద ఒకటి వేయడమే గతి. ఆ పని విషాదమనే నాలుగో కాన్వాసుకు అట్టిపెట్టాను.

రెండు సాంకేతిక విషయాలు ముందే రాసి ఉంచుతున్నాను. ఒకటి, ఆక్రిలిక్ తడిగా ఉన్నప్పుడు అందులోని బంక పాలలా తెల్లగా ఉంటుంది, ఆరాక పారదర్శకమవుతుంది. అందువల్ల ఏ రంగైనా ఆరాక ఒక మెట్టు ముదురుతుంది. ఎరుపులో, పసుపులో దాన్ని పట్టించుకోకపోయినా నడుస్తుంది. బూడిదరంగుల మధ్య తేడా ఆ ఒక్క మెట్టే కనుక ప్రతి మిశ్రమాన్నీ అట్టముక్క మీద పూసి, ఆరబెట్టి, పాళ్ళు వెనక రాసుకున్నాకే కాన్వాసు దగ్గరికి వెళ్ళాలి. రెండోది పక్కరంగుల సంగతి. పారిస్‌లోని గోబెలిన్ తివాచీల కర్మాగారంలో అద్దకం శాఖ చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రల్, నల్ల ఊలు వెలిసినట్టుందన్న ఫిర్యాదులను పరిశీలించి, లోపం రంగులో లేదు, పక్కన నేసిన రంగులలో ఉందని తేల్చి 1839లో పుస్తకం వేశాడు. నారింజ పక్కన పెట్టిన బూడిదరంగు నీలంగా తోస్తుంది, ఆకుపచ్చ పక్కన పెట్టినది ఎర్రబారుతుంది. ఒంటరిగా ఉన్న బూడిదరంగుకు స్వభావమంటూ దాదాపు లేదు. శోకం కూడా పక్కన ఏముందన్నదాన్ని బట్టే రూపం మారుస్తుందని ఇక్కడ అనాలనిపిస్తుంది, కానీ అది చిత్రంలో కనబడితే చాలు.

మే: జడత

చట్రాలు వచ్చాయి. వడ్రంగి టేకు పట్టీలతో బిగించి, మూలల్లో చెక్క చీలలు పెట్టి ఇచ్చాడు. "ఇంత పెద్దవి దేనికమ్మా, దేవుడి పటాలా?" అని అడిగితే అవునని గానీ కాదని గానీ చెప్పలేకపోయాను. నూలు కాన్వాసు లాగి మేకులు కొట్టి, గెస్సో, అంటే రంగు పట్టడానికి అడుగున వేసే తెల్లపూత, రెండుసార్లు వేసి, ఆరాక సన్నని ఉప్పుకాగితంతో రుద్దాను.

అన్నయ్య సంవత్సరీకం జరిగిన రాత్రి, ఇంటినిండా జనం ఉండి అందరూ నిద్రపోయాక, మేడ మీది గదిలో మొదటి కాన్వాసు మొదలైంది. దుఃఖం నిజంగా పైకి వచ్చిన గంటలో, ఏ ప్రణాళికా లేకుండా, చెయ్యి ఎటు పోతే అటు వేయాలన్నది నేను ముందే పెట్టుకున్న పరీక్ష. కాడ్మియం రెడ్, బ్లాక్, తెలుపు, పెద్ద బ్రష్షు, మధ్యమధ్య అరచేయి. తెల్లారాక చూస్తే కాన్వాసు మీద ఉన్నది శోకం కాదు. విసురుగా వంగిన గీతలు, చిమ్మిన బొట్లు, ఒకదాన్నొకటి తరుముకునే ఎరుపు మచ్చలు: ఎవరు చూసినా అందులో ఉత్సాహమో, పోరాటమో కనబడుతుంది. వేగంగా కదిలిన బ్రష్షు తన వేగాన్నే చూపిస్తుంది, ఆ వేగానికి కారణమైన బాధను చూపించదు. విభావం తెలియని ప్రేక్షకుడికి అనుభావం ఒక్కటే ఆధారం. ఈ అనుభావం రౌద్రానిదీ వీరానిదీ. నేను ఆ రాత్రి తేలికపడిన మాట వాస్తవమే. తేలికపడటం వేరు, చిత్రం పలకడం వేరు. నైరూప్య చిత్రలేఖనాన్ని గురించి సాధారణంగా చెప్పే మాటల్లో ఈ రెండూ ఒకటిగా కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీసి చూడకపోతే పని ముందుకు సాగదు.

ఆ ఎరుపునంతా చెరిపేయకుండా అడుగుపొరగా ఉంచాను. జడత అంటే ఏమీ లేకపోవడం కాదు, ఉన్నది కదలకపోవడం. కనుక కింద ఆ కల్లోలం ఉండటమే మంచిది. పైపూతకు గోడలకు వెల్ల వేసే నాలుగంగుళాల బ్రష్షు తీసుకుని, అల్ట్రామెరీన్, సియెన్నాల బూడిదరంగును ఎడమ నుంచి కుడికి, పైనుంచి కిందికి, ఒకే ఒత్తిడితో, ఎక్కడా ఆగకుండా, ఎక్కడా వేగం పెంచకుండా వేశాను. రాయడానికి సులువుగా ఉంది గానీ, ఒకే ఒత్తిడిని నాలుగడుగుల పొడవునా నిలబెట్టడం డ్రాయింగులో నేను చేసిన ఏ అభ్యాసం కన్నా కష్టమైనది. దానికి తోడు మే నెల ఎండ. పెనం మీద చల్లిన నీళ్ళలా రంగు బ్రష్షులోనే ఆవిరైపోయి, కాన్వాసు మీద పూతగా పడకుండా పొడిబారిన చారలుగా ఈడ్చుకుపోయింది. ఆరడాన్ని ఆలస్యం చేసే మీడియం, అంటే రంగులో కలిపే ద్రవం, దుకాణంలో దొరుకుతుంది, కొంత తెచ్చాను కూడా. కానీ ఆ పొడిచారలు చూస్తే నోరెండిపోవడం గుర్తుకొచ్చింది, భరతుడి జాబితాలోనిదే. అందుకని మీడియం కలపకుండా, మధ్యాహ్నం ఎండ ఎక్కువగా ఉన్నప్పుడే పని చేశాను. చారల సందుల్లోంచి ఎరుపు వెంట్రుకవాసి కనబడుతోంది. ఈ కాన్వాసు ఇక్కడితో పూర్తి.

జూన్: గ్లాని

బడులు తెరిచారు. ఇక పని ఆదివారాలే.

రెండో కాన్వాసుకు పూత మందాన్ని వదిలి పలచదనం వైపు వెళ్ళాను, ఎందుకంటే గ్లాని బలం ఉడిగిపోవడం. ఇక్కడ అమెరికా నైరూప్య చిత్రకారుడు మార్క్ రోత్కోను తప్పించుకుని పోవడం కుదరదు. రంగుల పొందిక తన విషయం కాదనీ, మనిషి మౌలిక భావాలను, విషాదాన్ని, పరవశాన్ని, వినాశాన్ని చెప్పడమే తన పని అనీ ఆయన అన్న మాట 1957లో అచ్చయింది. ఆయన 1950లలోని కాన్వాసుల్లో తైలవర్ణాన్ని బాగా పలచన చేసి పొరల మీద పొరలుగా వేయడం వల్ల రంగు గుడ్డలోంచే ఊరి వస్తున్నట్టు ఉంటుంది. నాకు పనికొచ్చినవి మాత్రం అవి కాదు, 1969, 1970లలో ఆయన ఆక్రిలిక్‌తో వేసిన చివరి మాలికలోనివి: పైన నలుపు, కింద బూడిదరంగు, చుట్టూ టేపు అంటించి తీసిన తెల్లని సన్నని అంచు. అంతకు ముందటి చిత్రాల్లో మసకగా కరిగిపోయే అంచులు వీటిలో లేవు. ఆ తెల్ల అంచు చిత్రాన్ని తలుపులా మూసేస్తుంది. 1970 ఫిబ్రవరిలో ఆయన ప్రాణం తీసుకున్నాడు కనుక వీటిని ఆత్మహత్య లేఖలుగా చదివేవారు చాలామంది. అది అన్యాయమని నా అభిప్రాయం. టేపు కొలిచి, అంటించి, పూత ఆరాక జాగ్రత్తగా ఊడదీసే మనిషి ఆ గంటలో చిత్రాన్ని నడిపిస్తున్నాడు, చిత్రం అతన్ని నడపడం లేదు. జీవితంలోంచి విభావాన్ని తెచ్చి చిత్రానికి తగిలిస్తే, అసలు ఆ అంచు ఏం చేస్తోందో చూడటం మానేస్తాం.

నా పనిలో రంగును నీటితోనే పలచన చేయలేదు. నీరు మితిమీరితే బంక పలచబడి పూత పొడిపొడిగా రాలే ప్రమాదం ఉంది కనుక మ్యాట్ మీడియం, నీరు సమంగా కలిపిన దాంట్లో కొద్దిగా రంగు వేసి, కాన్వాసును నేల మీద పరిచి, స్పాంజితో అద్దాను. పొర ఆరాక మరో పొర. మొదటి పొరలు ఏమీ చేసినట్టు కనబడవు. ఒక దశలో హఠాత్తుగా లోతు వస్తుంది. ఆ దశ దాటి ఇంకొక్క పొర వేస్తే అదే లోతు పూడుకుపోయి గోడ అవుతుంది. ఎక్కడ ఆగాలో నిర్ణయించడానికి నాకు దొరికిన ఉపాయం, సాయంత్రం దీపం వేయకముందు గది మసకబారుతున్నప్పుడు చూడటం. పట్టపగటి వెలుగులో ఒకటిగా కనబడే రెండు పొరలు ఆ వేళకు విడిపోతాయి.

టేపు వాడలేదు. గ్లానికి మూసిన అంచు సరిపోదనిపించి, నాలుగు వైపులా పూతను కాన్వాసు అంచుకు చేరకముందే ఎక్కడికక్కడ వదిలేశాను.

ఆగస్టు: చింత

వానలు. గదిలో తేమ ఎంత ఉందంటే మే నెలలో నిమిషాల్లో ఆరిన పూత ఇప్పుడు సాయంత్రం దాకా వేలికి అంటుతోంది. జడత కాన్వాసు వదులయింది; చట్రం మూలల్లోని చీలలను చిన్న సుత్తితో లోపలికి తట్టి బిగించాను. ఈ ఆలస్యం మూడో కాన్వాసుకు కలిసివచ్చింది, ఎందుకంటే దాని పద్ధతి తడి మీద ఆధారపడినది.

చింత అంటే పోయినదాన్నే తిప్పితిప్పి తలచుకోవడం. అదే విషయం మళ్ళీ వస్తుంది, వచ్చిన ప్రతిసారీ కొంచెం చెరిగి వస్తుంది. దీనికి తగిన పనితనం మన దేశంలోనే ఉంది. 1924లో నాగపూర్‌లో పుట్టి, బొంబాయి జె.జె. కళాశాలలో చదివిన నైరూప్య చిత్రకారుడు వి.ఎస్. గాయ్‌తోండే బ్రష్షును పక్కనపెట్టి రోలరుతో, పాలెట్ నైఫ్‌తో పని చేశాడు. కాగితపు ముక్కలను పూత మీద పరచి, రోలరు నడిపి, ఎత్తేయడం వల్ల కాన్వాసు మీద మిగిలిన ఆకారాలు ఎవరో గీసినవిగా ఉండవు, తేలి వచ్చినవిగా ఉంటాయి. ఏడాదికి కొన్ని కాన్వాసులే వేసేవాడు. తక్కిన కాలమంతా చూడటానికీ ఆలోచించడానికీ. 2014లో న్యూయార్క్‌లోని గగన్‌హైమ్ మ్యూజియం ఆయన చిత్రాలతో పెద్ద ప్రదర్శన పెట్టాకే మన పత్రికలు ఆయన పేరు ఎక్కువగా రాశాయి. బతికి ఉంటే ఆయన దాన్ని పట్టించుకునేవాడు కాడేమో.

మొదట పాత దినపత్రిక కాగితం వాడాను. తడి పూత మీద నొక్కి తీస్తే సిరా అంటుకుని తెలుగు అక్షరాలు తలకిందులుగా, అద్దంలో చూసినట్టు పడ్డాయి. చూడటానికి బాగున్నాయి, అదే ఇబ్బంది. అక్షరం కనబడగానే కన్ను చదవబోతుంది, చదవబోయిన కన్ను పూతను చూడదు. అక్షరాలనే చిత్రానికి ముడిసరుకు చేసుకున్న పెద్దలు లేకపోలేదు. మద్రాసు కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్న కె.సి.ఎస్. పణిక్కర్ 1963 నుంచి వేసిన మాలిక అంతా అక్షరాలు, గుర్తులు, పట్టికలతోనే నడుస్తుంది. ఆయన వాటిని చదవడానికి వీలులేని విధంగా వాడాడు కనుక అక్కడ చెల్లింది. నా చిత్రంలో నిన్నటి ధరవరలు, సంతాప ప్రకటనలు విభావాన్ని దొడ్డిదారిన తెస్తున్నాయి. అచ్చు వేయని న్యూస్‌ప్రింట్ తెచ్చుకున్నాను.

పని వరస ఇది: ముదురు బూడిదరంగు పూసి ఆరనివ్వడం, దాని మీద లేత పూత రోలరుతో వేసి, తడి ఉండగానే చింపిన కాగితాలు పరచడం, మళ్ళీ రోలరు, కొన్నింటిని వెంటనే, కొన్నింటిని సగం ఆరాక ఎత్తడం. వెంటనే ఎత్తితే చిత్తడి మచ్చ, ఆలస్యంగా ఎత్తితే తెగిన అంచు. అవే ముక్కలను, రంగు అంటినవాటిని, ఈసారి కాస్త పక్కకు జరిపి మళ్ళీ పరిచాను. కనుక ఒకే ఆకారం కాన్వాసు మీద పలుచోట్ల కనబడుతుంది, ప్రతిచోటా ఇంకొంచెం పేలవంగా. ఇందులో నా చెయ్యి ఎక్కడా నేరుగా కనబడదు. ఆవేశంలో వేసిన మే నెల రాత్రి పూత కన్నా, కాగితాలు పరచి ఎత్తే ఈ నెమ్మది పని నాకు జరుగుతున్నదానికి ఎంతో దగ్గరగా ఉంది.

సెప్టెంబరు: చూసినవారు

బడిలోని ఒక సహోపాధ్యాయిని మూడో చిత్రంలో వానకు తడిసిన రేకుల షెడ్డును చూశారు. పైతరగతి విద్యార్థి ఒకడు రెండోదాన్ని చూసి సముద్రమన్నాడు. అడ్డంగా ఒక్క గీత పడితే చాలు, కన్ను దాన్ని నేలా ఆకాశమూ చేసేస్తుంది. అందుకని ఇకపై కాన్వాసును పని మధ్యలో తలకిందులు చేసి, పక్కకు తిప్పి వేయాలని నిర్ణయించాను. కాండిన్‌స్కీ ఒకనాటి సందెవేళ మ్యూనిక్‌లోని తన గదికి తిరిగివచ్చి, గోడకు పక్కవాటుగా ఆనించి ఉన్న చిత్రాన్ని తనదేనని గుర్తుపట్టలేక, దాని అందానికి నిలబడిపోయాడట. వస్తువులే తన చిత్రాలకు హాని చేస్తున్నాయని అప్పుడు అర్థమైందని 1913లో స్వయంగా రాసుకున్నాడు. నా కాన్వాసుల్లో వస్తువులు లేవు. అయినా చూసేవారు తెచ్చుకుంటారు, దాన్ని ఆపలేం. అవి స్థిరపడకుండా చేయగలం, అంతే.

వదిన వచ్చింది. ఈ చిత్రాలు దేని గురించో ఆమెకు తెలుసు, కనుక ఆమె చూపు పరీక్షకు పనికిరాదని నేను అనుకున్నాను. జడత ముందు చాలాసేపు నిలబడి, "ఇందులో మీ అన్నయ్య ఏడే?" అంది. లేడనీ, ఉండకూడదనే వేశాననీ చెప్పాను. ఆమె ఇంకేమీ అనకుండా రెండోదాని దగ్గరికి వెళ్ళి, "చుట్టూ ఇంత ఎందుకు వదిలేశావు? రంగు చాలలేదా?" అని అడిగింది.

"చాలింది వదినా. అక్కడిదాకా వెళ్ళబుద్ధి కాలేదు."

"అదే మరి," అంది. ఆ మాటలో ఒప్పుకోలు ఉందో నిష్ఠూరం ఉందో నాకు తెలియలేదు. తర్వాత కాఫీ తాగుతూ, పనిమనిషి మానేసిన సంగతీ, నీటి బిల్లు సంగతీ మాట్లాడాం. కిందికి దిగే ముందు చింత కాన్వాసును చూపించి, ఇది మాత్రం పడకగదిలో పెట్టుకోలేనని చెప్పింది. విభావం తెలిసిన మనిషి కూడా ప్రతి చిత్రాన్నీ ఒకేలా తీసుకోలేదు, పూతలోని తేడానే తీసుకుంది. ఆమె చూపు పనికిరాదన్న నా అంచనా నిలవలేదు.

అక్టోబరు: విషాదం

అట్టిపెట్టిన క్రిమ్సన్, వెరిడియన్ ఇప్పుడు తీశాను. రెంటినీ పళ్ళెంలో కలిపేస్తే ఒకే బూడిదరంగు వస్తుంది. అలా కాకుండా లేత బూడిద అడుగు మీద క్రిమ్సన్‌ను గాజుపొరలా, అది పూర్తిగా ఆరాక వెరిడియన్‌ను మరో గాజుపొరలా, అద్దాలు తుడిచే రబ్బరు వైపర్‌తో లాగాను. వైపర్ ఎక్కడ ఒత్తితే అక్కడ పూత పలచబడి అడుగురంగు తేలుతుంది. ఒకచోట ఆకుపచ్చ గెలుస్తుంది, ఒకచోట ఊదా, దూరం వెళితే అంతా బూడిదే. ఎదురుగా నిలబడి చూసినదానికీ, పక్కనుంచి నడుస్తూ చూసినదానికీ తేడా ఉంది. కాండిన్‌స్కీ చెప్పిన వెచ్చదనం ఉందా అంటే ఉంది. నలుపు తెలుపుల మిశ్రమంతో వేసిన అట్టముక్కను దాని పక్కన పెట్టగానే ఆ ముక్క చచ్చిపోయింది.

ఈ చిత్రం వేసిన రోజుల్లో నేను నిజానికి సంతోషంగా ఉన్నాను. వాన వెలిసింది, దసరా సెలవులు, పని చేతికి లొంగుతోంది. ఏప్రిల్‌లో వేసుకున్న ప్రశ్నకు సమాధానం ఈ కాన్వాసే అనుకుంటాను. శోకం తెలిసి ఉండాలి, దాన్ని మరిచిపోకూడదు. పూత వేసే గంటలో అది మీద పడి ఉండవలసిన అవసరం లేదు.

నవంబరు: నిర్వేదం, వేలాడదీయడం

అయిదోది చాలా తక్కువ పని. గెస్సో తెలుపునే ఎక్కువ భాగం వదిలి, కింది మూడోవంతులో ఒకే ఒక్క లేత పొర, దాన్ని కూడా ఆరకముందే తడిగుడ్డతో తుడిచాను. తుడిచినా నూలు సందుల్లో కొంత మిగిలింది. ఇంకేమైనా వేయాలా అని కొన్ని వారాలు గోడకు ఆనించి చూసి, వేయనవసరం లేదని నిశ్చయించుకున్నాను.

వార్నిష్ విషయంలో నిగనిగలాడే రకం పనికిరాదు. బూడిదరంగు పొరల మీద కిటికీ ప్రతిబింబం పడితే లోతు మాయమవుతుంది. మ్యాట్ వార్నిష్ కూడా మందంగా వేస్తే ముదురు చోట్ల తెల్లటి మసక కడుతుంది కనుక పలచగా, రెండు దఫాలుగా, జడతకూ విషాదానికీ మాత్రమే వేశాను. గ్లాని పొరలలో మీడియం ముందే ఉంది, చింత ఉపరితలాన్ని ముట్టుకోవడం నాకిష్టం లేదు.

బడి హాలులో డిసెంబరులో పెట్టడానికి అనుమతి దొరికింది. చిత్రాల మధ్యభాగం నేలకు అయిదడుగుల ఎత్తులో ఉండేలా, ఒక్కొక్కదాని మధ్య కనీసం మూడడుగుల ఖాళీ ఉండేలా గోడ మీద పెన్సిలుతో గుర్తులు పెట్టాను. హాలు గోడలు లేత పసుపు. షెవ్రల్ లెక్క ప్రకారం ఆ పసుపు పక్కన నా బూడిదరంగులన్నీ ఊదా వైపు జరుగుతాయి; అట్టముక్కలు తీసుకెళ్ళి ఆనించి చూస్తే జరిగాయి కూడా. గోడకు తెల్ల సున్నం వేయించడానికి బడివారు ఒప్పుకోలేదు, కనుక ప్రతి కాన్వాసు వెనకా నాలుగు వైపులా అరడుగు బయటికి వచ్చేలా తెల్లని మౌంట్ బోర్డు పెట్టిస్తున్నాను. ట్యూబ్‌లైట్లు చల్లని తెలుపువి. వాటిలో విషాదంలోని క్రిమ్సన్ అణగిపోతోంది. ఆ ఒక్కదాన్ని కిటికీ ఎదురు గోడకు మార్చి, పగటి వెలుగు దాని మీద పడే వేళ, అంటే ఉదయం పది నుంచి మధ్యాహ్నం దాకా, చూడటానికి రమ్మని చెబుతున్నాను. పేర్ల చీటీలు పెట్టడం లేదు. వరస మాత్రం నేను వేసిన వరస కాదు: తలుపు దగ్గర నిర్వేదం, చివర జడత. మౌంట్ బోర్డు కోయడానికి వడ్రంగి వచ్చే గురువారం వస్తానన్నాడు.